ఫోర్‌కి ‘డోర్’ ప్రాస కాదా? మా పాప హోంవర్కు గురించి తెలిసినవారు చెప్పండి

రాజాం అమ్మ

అందరికీ నమస్కారం. మాది రాజాం. మా పాప మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. మొన్న సోమవారం ‘రైమింగ్ వర్డ్స్’ రాసుకురమ్మని హోంవర్కు ఇచ్చారు. ఎడమ పక్క ఎనిమిది మాటలు, ఒక్కోదాని ఎదురుగా మూడేసి గీతలు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. అందుకని పక్కన కూర్చున్నానే గానీ నోరు మెదపలేదు. పాపే ఒక్కో మాటా పైకి చదువుకుంటూ, కాళ్లు ఊపుకుంటూ రాసుకుంది.

ఫోర్ ఎదురుగా డోర్, మోర్, రోర్ అని రాసింది. హెడ్ ఎదురుగా బెడ్, రెడ్, సెడ్. కమ్ ఎదురుగా గమ్, డ్రమ్, సమ్.

మర్నాడు నోటుబుక్కు తిరిగొచ్చింది. డోర్, మోర్, రోర్ మూడింటికీ ఎర్ర ఇంటూలు, పక్కన అవర్, యువర్ అని దిద్ది ఉంది. హెడ్ దగ్గర అన్నీ కొట్టేసి బీడ్ అని రాశారు. కమ్ దగ్గర ఒక్క సమ్‌కి టిక్కు పెట్టి, మిగతావి కొట్టేసి హోమ్ అని రాశారు. పాప ఏమందంటే, ‘అమ్మా, నేను గట్టిగా చదివి చూశాను. డోర్ కలుస్తోంది, అవర్ కలవట్లేదు’. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకూ చెవికి పాప చెప్పిందే నిజమనిపిస్తోంది. కానీ టీచరుగారు దిద్దాక కాదనడానికి నాకు ధైర్యం లేదు. ఎవరిది రైటో చెప్పి పుణ్యం కట్టుకోండి.

శ్రీకాకుళం మాస్టారు (రిటైర్డ్, ఇంగ్లీషు)

అమ్మా, ముందు పాపని దగ్గరికి తీసుకుని, తను రాసిన తొమ్మిదీ రైటేనని చెప్పండి. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను.

ఇంగ్లీషులో రైమ్ అంటే చెవికి సంబంధించింది, స్పెల్లింగుతో దానికి పని లేదు. మాటలో గట్టిగా ఒత్తి పలికే ఆఖరి అచ్చు ఎక్కడుందో చూడాలి. అక్కడి నుంచి చివరి దాకా రెండు మాటలూ ఒకేలా వినపడాలి. ఆ అచ్చుకి ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. ఫోర్, డోర్, రోర్ మూడింట్లోనూ ‘ఓర్’ ఒకటే, ముందు ఫ, డ, ర మారాయి. అంతే సూత్రం.

టీచరుగారు దిద్దినవాటిలో యువర్ మాత్రం నిజంగా కలుస్తుంది. మనం యువర్ అంటాం గానీ దాని అసలు ఉచ్చారణ ‘యోర్’. అవర్ కలవదు. హెడ్‌కి బీడ్ కలవదు. కమ్‌కి హోమ్ కలవదు. ఇలా రాతలో కలిసి నోట్లో కలవని జతల్ని ‘ఐ రైమ్’ అంటారు, కంటి ప్రాస అన్నమాట. లవ్, మూవ్ కూడా ఆ బాపతే.

ఇక రుజువు కావాలంటే ఇంట్లోనే ఉంది. పాపకి ‘ట్వింకిల్ ట్వింకిల్’ వచ్చు కదా! 1806లో అచ్చయిన పద్యం అది, జేన్ టేలర్ రాసింది. మొదటి పాదం ‘స్టార్’తో ముగుస్తుంది, రెండోది ‘ఆర్’తో. ఒకదాని చివర ఏ, ఆర్. రెండోదాని చివర ఏ, ఆర్, ఈ. తర్వాతి పాదాలు ‘హై’, ‘స్కై’. వీటిలో ఒకటి జీ, హెచ్‌తో ముగుస్తుంది, ఇంకొకటి వైతో. స్పెల్లింగే కొలత అయితే ఈ పాదాల్లో ఒక్క ప్రాసా నిలబడదు. ఎల్‌కేజీ నుంచి ప్రతి బడిలో పాడిస్తున్నది అదే కదా!

టెక్కలి డీఎస్సీ

మాస్టారూ, నమస్తే. నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. మీరు చెప్పింది చదువుతుంటే మా ఊళ్లో చిన్నపిల్లలకి ట్యూషన్‌లో నేను చేసే పని గుర్తొచ్చింది. అనుమానం వస్తే ఆ రెండు మాటల్నీ తెలుగు లిపిలో రాయమంటాను. టెన్షన్, పెన్షన్, మెన్షన్. ఇంగ్లీషులో మొదటి రెంటికీ ఎస్, మూడోదానికి టీ. పిల్లలు అక్కడే తికమక పడతారు. తెలుగులో రాసేసరికి మూడూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి.

అదే పద్ధతిలో ఓ, యూ, జీ, హెచ్ అనే నాలుగక్షరాలతో ముగిసేవి రాయించాను. దో, త్రూ, టఫ్, కాఫ్, బౌ. అవే నాలుగక్షరాలు ఐదు రకాలుగా పలికాయి! తెలుగులో రాసి చూపించాక ఒక అబ్బాయి ‘అక్కా, ఇవి ఒకదానికొకటి చుట్టాలే కావు’ అన్నాడు. రాజాం అమ్మగారూ, పాపకి ఈ ఆట నేర్పండి. టెన్షన్ పడకుండా తనే తేల్చుకుంటుంది.

పలాస నాన్న

మాది జీడిపప్పు పని, చదువు తక్కువ. మా వాడు రెండో తరగతి. ఒక్కటి అడుగుతాను. నైట్, లైట్, రైట్, ఫైట్ అన్నింటి మధ్యలో ఆ జీ, హెచ్ ఎందుకండీ? పలకనప్పుడు పెట్టడం ఎందుకు? మా వాడు రోజూ అడుగుతున్నాడు. ‘ఉంది, నేర్చుకో’ అని చెప్పడం నాకే బాగా లేదు.

శ్రీకాకుళం మాస్టారు

నాయనా, మీ వాడు అడిగింది మంచి ప్రశ్న. పలకని అక్షరం చాలాసార్లు ఒకప్పుడు పలికిన అక్షరమే.

పాత ఇంగ్లీషువాళ్లు ఆ జీ, హెచ్ ఉన్నచోట గొంతులోంచి ‘ఖ’ లాంటి శబ్దం చేసేవారు. జర్మన్ వాళ్లు ఇప్పటికీ చేస్తారు. రాత్రిని వాళ్లు ‘నాఖ్ట్’ అంటారు. ఎనిమిదిని ‘ఆఖ్ట్’ అంటారు. ఇంకా దగ్గరిది చెబుతాను. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, చుక్కల్ని చూసి భోజనం చేస్తే ఆ వ్రతాన్ని ఏమంటాం? నక్తం. ఆ సంస్కృతపు ‘నక్త’, ఇంగ్లీషు ‘నైట్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మన నక్తంలో నిలిచిన ‘క’ ఎక్కడుందో, వాళ్ల నైట్‌లో మూగబోయిన జీ, హెచ్ అక్కడే ఉంది. మీ వాడికి ఇలా చెప్పండి, వాళ్ల నానమ్మ నక్తం ఉంటే వెంటనే పట్టుకుంటాడు.

రాత ఒకలా, పలుకు ఒకలా అవడానికి పెద్ద కారణం కాలం. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటి నుంచి స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి. కానీ దాదాపు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారుతూనే ఉన్నాయి. అంతకుముందు ‘నామ’ లాగా పలికినది నేమ్ అయింది. ‘టీమ’ లాగా పలికినది టైమ్ అయింది. నోరు మారింది, అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఉండిపోయింది.

కమ్, సమ్, సన్ (కొడుకు), లవ్ వంటి మాటల్లో యూకి బదులు ఓ ఎందుకుందో కూడా చెప్పేస్తాను, పాప హోంవర్కులో అదీ ఉంది కాబట్టి. చేతిరాత కాలంలో యూ, ఎన్, ఎమ్, వీ అన్నీ నిలువు గీతలతోనే రాసేవారు. అవి పక్కపక్కన పడితే ఏ గీత ఏ అక్షరానిదో తెలిసేది కాదు. అందుకని లేఖకులు యూ తీసి గుండ్రని ఓ పెట్టారు. నోట్లో ఉన్న శబ్దం మారలేదు. అందుకే కమ్‌కి గమ్, డ్రమ్ ఇప్పటికీ చక్కగా కలుస్తాయి. హోమ్‌లోని ఓ అసలైన ఓ. కమ్‌లోని ఓ కలం సౌకర్యం కోసం వచ్చింది.

పలాస నాన్న

మాస్టారూ, రాత్రి మా వాడికి నక్తం సంగతి చెప్పాను. మా అమ్మ పక్కనే ఉంది. ఇద్దరూ కలిసి ‘నక్త, నాఖ్ట్, నైట్’ అని పది సార్లు అన్నారు. ధన్యవాదాలు.

కందపద్యం, విజయనగరం

ఈ చర్చలో నేనొక మాట చెప్పాలి. పాప చెవి బాగానే ఉంది. అయినా మన తెలుగు పిల్లలకి, టీచర్లకి ఈ రైమ్ దగ్గర తడబాటు ఎందుకొస్తుందంటే, మన ప్రాస, వాళ్ల రైమ్ రెండూ ఒకటేనని అనుకుంటాం. అవి అద్దంలో బొమ్మలా ఎదురెదురు.

చిన్నప్పుడు అందరం బట్టీ పట్టిన సుమతి కందం తీసుకోండి. నాలుగు పాదాల మొదళ్లు అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. ప్రాస పాదం మొదట్లో ఉంది, రెండో అక్షరంలో ఉంది. ఆ రెండో అక్షరం క్క, క్కి, క్కి, క్కు. హల్లు మారకూడదు, దాని మీద అచ్చు ఏదైనా ఫర్వాలేదు. మొదటి అక్షరాల్లో ఏ అచ్చు ఉన్నా పట్టింపు లేదు, అన్నీ గురువులైతే చాలు. ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ అచ్చు మారితే ప్రాస పోయినట్టే.

ఇంట్లో పిల్లలకి చెప్పాలంటే ఇలా చెప్పండి. పాట, తోట, పూట, మేట. తెలుగు పద్యానికి ఇవి నాలుగూ ప్రాసకి పనికొస్తాయి, టకారం నిలబడింది కాబట్టి. ఇంగ్లీషువాడి చెవికి ఇవి కలవవు. వాడికి పాట, మాట, బాట, ఆట కావాలి. అలాగే బోట్, బీట్, బైట్ అంటే మన చెవి కొంత తృప్తి పడుతుంది, వాళ్ల చెవి పడదు. వాళ్లకి బోట్ పక్కన కోట్, నోట్, గోట్ రావాలి.

ఇంకొకటి. వాళ్లు పాదం చివర ప్రాస పెట్టుకోవడానికీ, మనవాళ్లు మొదట్లో పెట్టుకోవడానికీ భాష తీరులోనే ఒక కారణం ఉందని నా నమ్మకం. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. వచ్చాడు, వెళ్లాడు, తిన్నాడు, పడుకున్నాడు. పాదం చివర ‘ఆడు’ పెట్టడం ఎవరికైనా వచ్చు, అందులో కష్టమేముంది? సులువుగా దొరికేదానికి మన పూర్వులు విలువ ఇవ్వలేదు. ఇంగ్లీషులో కూడా సింగింగ్, రైడింగ్ అని ఉత్త ‘ఇంగ్’ కలిస్తే రైమ్ అనరు. రైడింగ్‌కి హైడింగ్ కావాలి. స్టేషన్‌కి ఫ్యాషన్ చాలదు, నేషన్ కావాలి.

మా ఊరి గురజాడ అప్పారావుగారికి ఈ రెండు చెవులూ ఉన్నాయి. కుర్రతనంలో, 1883లో, సారంగధర కథని ఇంగ్లీషు పద్యంగా రాశారు. తర్వాత 1910లో ముత్యాల సరం అనే ఛందస్సు పట్టుకున్నప్పుడు తెలుగు ప్రాస నియమాన్ని పక్కన పెట్టి నడక మీద బరువు వేశారు. రెండు భాషల ప్రాసా తెలిసినవాడు వదిలేశాడంటే అందులో తూకం ఉంది. మహారాజా కాలేజీ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

చీపురుపల్లి టీచర్

నేను ప్రైవేటు స్కూల్లో ప్రైమరీ క్లాసులు చెబుతాను. రాజాం అమ్మగారి పోస్టు చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆ టీచరు ఎవరో నాకు తెలీదు. ఆవిడ తప్పు దిద్దారన్నది నిజం. అయితే ఆ తప్పు ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండేళ్లు నేనూ అలాగే దిద్దాను.

యూకేజీలో మాకు ‘వర్డ్ ఫ్యామిలీస్’ అని చెప్పమంటారు. క్యాట్, బ్యాట్, ర్యాట్, మ్యాట్. అన్నింటి చివరా ఏ, టీ. అప్పుడు పిల్లలకి ‘చివరి అక్షరాలు చూడు’ అంటాం. అక్కడ అది చక్కగా పని చేస్తుంది. మూడో తరగతికి వచ్చేసరికి హెడ్, ఫోర్, కమ్ లాంటివి వస్తాయి. అక్కడ ‘చివరి అక్షరాలు విను’ అనాలి. ఆ మాట మార్చుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు. నలభై నోటుబుక్కులు ఒక పీరియడ్‌లో దిద్దాలంటే కన్నే పరిగెడుతుంది, చెవి పనిచేయదు.

చెల్లెమ్మా, గొడవలా కాకుండా పాపని తీసుకెళ్లి, ఆ టీచరు ముందు ఫోర్, డోర్, అవర్ మూడూ పైకి చదివించండి. వింటే తెలిసిపోతుంది. నాకు అలాగే తెలిసింది. ఒక పిల్లాడు ‘టీచర్, సెడ్ రెడ్‌తో కలుస్తుంది కదా’ అన్నాడు. ఎస్, ఏ, ఐ, డీని నేను అప్పటిదాకా ‘సెయిడ్’ అని చెబుతున్నాను. ఆ రోజు డిక్షనరీ తీసి చూసి, మర్నాడు క్లాసులో అందరి ముందూ సరిదిద్దుకున్నాను.

ఆమదాలవలస

టెక్కలి డీఎస్సీ గారు చెప్పిన తెలుగు లిపి పద్ధతి నాకు నచ్చింది, కానీ పూర్తిగా దాని మీద ఆధారపడితే ఇబ్బందే. మనం రాసేది ఇంగ్లీషువాళ్లు పలికినట్టు కాదు, మనం పలికినట్టు.

గుడ్, ఫుడ్ అని రాస్తాం, రెండూ కలిసినట్టే ఉంటాయి. నిజానికి గుడ్ హ్రస్వం, ఫూడ్ దీర్ఘం. బ్లడ్ వేరే దారి. మూడింట్లోనూ రెండు ఓలే! వార్ అని రాసి కార్‌తో కలుపుతాం, అసలు ఉచ్చారణలో అది ఫోర్, డోర్‌ల జట్టు. తిరగేసి చూస్తే, గేట్ అని ఒకలా, వెయిట్ అని ఇంకోలా రాస్తాం. కలవవేమో అనుకుంటారు పిల్లలు. గేట్, లేట్, వెయిట్, ఎయిట్, స్ట్రెయిట్, గ్రేట్ అన్నీ ఒకే ప్రాస. హైట్ మాత్రం కాదు, అది నైట్‌తో పోతుంది.

అందుకని ముందు డిక్షనరీ యాప్‌లో ఆ స్పీకర్ బొమ్మ నొక్కి మాట వినాలి. విన్నాక తెలుగులో రాసుకోవాలి. ఈ వరస తప్పితే మన పాత తప్పునే తెలుగులో అందంగా రాసుకున్నట్టు అవుతుంది.

టెక్కలి డీఎస్సీ

నిజమే అన్నయ్యా, ఆ వరస నేను చెప్పలేదు. ఫూడ్ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. రేపటి నుంచి ముందు వినిపించి తర్వాతే రాయిస్తాను.

మందస కొండ

నేను మందస వైపు కొండ కింద బడిలో పని చేస్తున్నాను. మా పిల్లల్లో సవర గిరిజనుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు. ఇంట్లో సవర, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. వాళ్లకి రైమ్స్ చెప్పేటప్పుడు పుస్తకం మూసేస్తాను. ముందు చప్పట్లు, పాట. కుడి చేత్తో ‘హిల్’, ఎడమ చేత్తో ‘జిల్’. మూడు రోజుల తర్వాతే అక్షరాలు. చెవికి పట్టాక స్పెల్లింగు వాళ్లని భయపెట్టదు.

గిడుగు రామమూర్తిగారు ఈ జిల్లాలోనే, 1863లో పర్వతాలపేటలో పుట్టారు. సవరల దగ్గర కూర్చుని, విని, వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువులు తయారుచేశారు. అప్పటికి రాతలో లేని భాష. చెవి తప్ప ఆయనకి ఆధారం లేదు. తర్వాత తెలుగు విషయంలోనూ జనం నోట్లో ఉన్న భాషే పుస్తకంలో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన నేల మీద ఒక పాప చెవిని నమ్మి రాస్తే ఇంటూ పడింది. అది నాకు బాధగా ఉంది.

శ్రీకాకుళం మాస్టారు

మందస టీచరుగారూ, మీరు చేస్తున్నది సరైన పద్ధతి. పుస్తకం మూసి మొదలుపెట్టడం నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇంట్లో సాధన చేయించేవాళ్లకి పనికొచ్చేది ఒకటి చెబుతాను. 1970లో వైలీ, డ్యూరెల్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల మాటల్ని పరిశీలించి, 37 ముగింపులు వస్తే దాదాపు 500 మాటలు చదవవచ్చని చూపించారు. ఏక్, ఏమ్, ఐట్, ఇల్, ఇంగ్, ఇంక్, ఓర్, అంప్ లాంటివి. రోజుకి ఒక్క ముగింపు చాలు. అన్నం తినేటప్పుడు ‘ఏక్’ అన్నారనుకోండి, పాప కేక్, లేక్, మేక్, టేక్, షేక్ అనాలి. పలకా బలపం అక్కర్లేదు. లేని మాట ఏదైనా అన్నా ఫర్వాలేదు, ప్రాస కుదిరిందా లేదా అన్నదే చూడండి. తర్వాత ఆ మాట ఉందో లేదో ఇద్దరూ కలిసి వెతకండి.

పెద్ద పిల్లలకి ‘హంప్టీ డంప్టీ’ వినిపించండి. అందులో ‘మెన్’కి జతగా ‘అగెన్’ వస్తుంది. మనం అగైన్ అని పాడి ప్రాసని పోగొడుతున్నాం. ఒక్కసారి అగెన్ అని పాడితే పద్యం తాళం వేసినట్టు ‘టక్’మని కూర్చుంటుంది. ‘బా బా బ్లాక్ షీప్’లో డేమ్, లేన్ అయితే సగం ప్రాసే. అచ్చు కలిసింది, మకారానికి నకారం వచ్చింది. పిల్లలు దాన్ని పట్టుకుంటే మెచ్చుకోండి, అది చాలా సూక్ష్మమైన చెవి.

రాజాం అమ్మ

అందరికీ చేతులెత్తి దండం. చీపురుపల్లి టీచరక్క చెప్పినట్టే శనివారం పాపతో వెళ్లాను. భయపడుతూనే వెళ్లాను. పాప ఫోర్, డోర్, అవర్ మూడూ పైకి చదివింది. టీచరుగారు ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఆవిడే స్వయంగా మూడూ పైకి అనుకున్నారు. ఏమీ అనకుండా ఎర్ర పెన్ను తీసి ఇంటూల మీద టిక్కులు పెట్టారు. హెడ్ దగ్గరా, కమ్ దగ్గరా కూడా. ‘యువర్‌ని యోర్ అనాలట టీచర్’ అని పాప అంటే నవ్వి, ఫోన్‌లో విని, తలూపారు.

ఇంటికొచ్చే దారిలో బస్సులో పాప ఒకటే గోల. గేట్, లేట్, ఎయిట్, వెయిట్. పక్క సీట్లో ముసలమ్మగారు కూడా నవ్వుతూ విన్నారు.

సోమవారం మళ్లీ కొత్త షీటు ఇచ్చారు. రెయిన్‌కి ట్రెయిన్, లేన్, ప్లేన్ రాసేసింది. ఒక్క మాట దగ్గర గంట నుంచి కూర్చుంది, మంత్. ఎమ్, ఓ, ఎన్, టీ, హెచ్. నన్నూ వాళ్ల నాన్ననీ అడిగింది, మాకూ ఏమీ తట్టలేదు. మాస్టారూ, ఏం రాయమంటారు?

శ్రీకాకుళం మాస్టారు

ఆ మాటకి ఇంగ్లీషులో సరైన ప్రాస లేదమ్మా. సిల్వర్‌కీ ఆరెంజ్‌కీ కూడా మామూలు మాటల్లో దొరకదు. గీతలు మూడూ ఖాళీగా వదిలేసి, పక్కన ‘లేదు’ అని రాయమనండి. టీచరుగారు ఇంటూ పెడితే నన్ను అడగమనండి.